ముందు బేస్ నేర్చుకోండి, మిగతావి తర్వాత: పెళ్లి మేకప్ మొదలుపెట్టిన ఒక అమ్మాయికి జవాబు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. కొన్నేళ్లుగా చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. త్రెడింగ్, ఫేషియల్, పూలజడ, చీర కట్టడం ధీమాగా చేస్తాను. ఈ మధ్య ధైర్యం చేసి ఒక పెళ్లికూతురి మేకప్ ఒప్పుకున్నాను. అద్దంలో బాగానే కనిపించింది కానీ ఫొటోల్లో ముఖం బూడిదరంగులో, మెడ వేరే రంగులో పడింది. అమ్మాయి ఏమీ అనలేదు, వాళ్ల పిన్ని మాత్రం గట్టిగానే అంది. హైదరాబాద్ వెళ్లి యాభై వేలు పెట్టి కోర్సు చేయాలా? ఫౌండేషన్‌ని స్ప్రేలా చల్లే ఎయిర్‌బ్రష్ మెషిన్ కొనాలా? అసలు ముందు ఏది నేర్చుకోవాలి?

జవాబు:

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. ముందు నేర్చుకోవాల్సింది బేస్, అంటే కరెక్టర్, ఫౌండేషన్, పౌడర్‌తో చర్మానికి వేసే మొదటి పొర. ఐషాడో, కాంటూర్, లాషెస్ అన్నీ ఆ తర్వాతే. ముఖం, మెడ, చేతులు ఒకే మనిషివి అనిపించేలా, మన చర్మం రంగుల మీద బేస్ వేయగలగాలి. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో చేస్తూ, అమ్మాయిలకు నేర్పిస్తూ నేను గమనించింది ఇదే. బేస్ చేతికొచ్చిన అమ్మాయి కళ్ల మేకప్ త్వరగానే పట్టేస్తుంది. కళ్లతో మొదలుపెట్టిన అమ్మాయికి ఎన్ని కోర్సులు చేసినా ఫొటోలు వచ్చేదాకా టెన్షనే.

మీ పెళ్లికూతురి ముఖం బూడిదరంగులో పడటానికి కారణం చాలావరకు ఒక్కటే అయి ఉంటుంది. ఆ అమ్మాయి అసలు రంగు కంటే రెండు మూడు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ పడింది. ఫౌండేషన్‌కి తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. షేడ్ లేతదయ్యే కొద్దీ అది ఎక్కువగా ఉంటుంది. నల్లరాతి మీద పల్చగా సున్నం పూస్తే ఆ రాయి తెల్లబడదు, నీలం కలిసిన బూడిదరంగులో కనిపిస్తుంది. చామనఛాయ మీద తెల్ల ఫౌండేషన్ కూడా అంతే. పార్లర్‌లో పసుపు బల్బు వెలుగుంటే ఆ నీలం కంటికి తెలియదు. కెమెరా ఫ్లాష్ పడగానే బయటపడుతుంది.

కాబట్టి షేడ్ ఎంచడం నేర్చుకోండి. చేతి వెనక రాసి చూడటం మానేయండి, చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ దగ్గర నుంచి మెడ మీదకు మూడు షేడ్లు పక్కపక్కనే సన్నటి గీతల్లా పెట్టి, అమ్మాయిని గుమ్మం దగ్గరకు తీసుకెళ్లి పగటి వెలుగులో చూడండి. మూడింట్లో ఏ గీత కనిపించకుండా కలిసిపోతుందో అదే ఆమె షేడ్. అయితే వెంటనే తేల్చేయకండి. పావుగంట ఆగండి. చాలా ఫౌండేషన్లు చర్మంలోని నూనె తగిలాక కాస్త ముదురుతాయి. వేసిన క్షణంలో సరిపోయిన రంగు పీటల మీదకు వెళ్లేసరికి మారిపోవడానికి అదొక కారణం.

మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా, నీలంగా ఉన్నాయా అని చూసి చర్మం లోపలి ఛాయ చెప్పే చిట్కా వీడియోల్లో చూసే ఉంటారు. మన రంగుల మీద అది నమ్మకంగా పనిచేయదు. మనలో పసుపు ఛాయ ఉన్నవాళ్లు, ఎరుపు ఛాయ ఉన్నవాళ్లు, ఆలివ్ అని పిలిచే ఆకుపచ్చ ఛాయ ఉన్నవాళ్లు ఉంటారు. ఒకే ముదురు రంగున్న అక్కచెల్లెళ్లకి కూడా ఒకే సీసా సరిపోకపోవచ్చు. అందుకే పది సీసాలు కొనేకంటే లేత, మధ్య, ముదురు షేడ్లు ఒక్కొక్కటి, వాటితోపాటు పసుపు, ఎరుపు సరిచేసే మిక్సర్లు పెట్టుకుని స్టీల్ ప్లేట్ మీద కలపడం అలవాటు చేసుకోండి. కలిపిన పాళ్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ట్రయల్ రోజు, అంటే పెళ్లికి ముందే ఒకసారి వేసి చూసే రోజు, కుదిరిన రంగు పెళ్లిరోజు మళ్లీ రావాలంటే ఆ కాగితమే ఆధారం.

ఇంకో విషయం. మన ముఖం ఒకే రంగులో ఉండదు. నుదురు, నోటి చుట్టూ, కళ్ల కింద ముదురుగా, బుగ్గలు లేతగా ఉంటాయి. కొందరికి బుగ్గల మీద మంగు ఉంటుంది. వీటిని ఫౌండేషన్ మందంగా వేసి కప్పాలని చూస్తే ముసుగు వేసినట్టవుతుంది. ముదురుగా ఉన్నచోట మాత్రమే ఆరెంజ్ కరెక్టర్ చాలా పల్చగా, వేలికొసతో అద్దండి. కళ్ల కింద నీలం కలిసిన నలుపుని ఆరెంజ్ కొట్టేస్తుంది, ఎందుకంటే రంగుల చక్రంలో ఆ రెండూ ఎదురెదురుగా ఉంటాయి. లేత రంగు వాళ్లకు ఆరెంజ్ బదులు పీచ్ చాలు. దానిపైన ఫౌండేషన్‌ని తడి స్పాంజితో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే కింద వేసిన కరెక్టర్ జరిగి బుగ్గల మీదకు నారింజరంగు పాకుతుంది. క్రయోలాన్ టీవీ పెయింట్ స్టిక్ మన పార్లర్లలో చాలాచోట్ల ఉంటుంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది. మంచి సరుకే, కానీ పిగ్మెంట్ చాలా ఎక్కువ. స్టిక్‌ని నేరుగా ముఖం మీద గీయకండి. ప్లేట్ మీద కొద్దిగా గీరి, స్పాచులాతో మెత్తగా చేసి, స్పాంజికి తీసుకుని అద్దండి. ఒక పొర చాలనిపిస్తే రెండోది వేయకండి.

మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, కోర్సుల్లో దీన్ని చాలామంది చెప్పరు. పెళ్లికూతురు మీ కుర్చీలో కూర్చునే ముందు ఆమెకు నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి పంపిస్తారు. ముఖం, మెడ, చెవుల వెనక పసుపు మిగిలే ఉంటుంది. ఆ పసుపు మీద షేడ్ చూస్తే తప్పే వస్తుంది. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా పోదు, ఎందుకంటే పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. సబ్బు రుద్దితే ఇంకా ఇబ్బంది, సబ్బులోని క్షారం తగిలి మిగిలిన పసుపు ఎర్రబారుతుంది. క్లెన్సింగ్ ఆయిల్ గానీ బామ్ గానీ దూదికి తీసుకుని, వెంట్రుకల మొదళ్ల నుంచి మెడ దాకా నెమ్మదిగా తుడిచి, తర్వాత మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడిగించండి. దూది పసుపుపచ్చగా రావడం ఆగేదాకా తుడవాలి. కాస్త పసుపు మిగిలితే పర్వాలేదు, కానీ ట్రయల్ రోజు రాసుకున్న పాళ్లనే నమ్మండి, ఆ క్షణంలో కంటికి కనిపించే రంగుని కాదు.

తర్వాత చర్మాన్ని సిద్ధం చేయడం. మాయిశ్చరైజర్ ఇంకడానికి పది నిమిషాలు ఇవ్వండి. ఆ పది నిమిషాల్లో జుట్టు పాయలు తీయండి, పని ఆగదు. ఫౌండేషన్ కింద వేసే ప్రైమర్, ఆపైన ఫౌండేషన్ రెండూ ఒకదానితో ఒకటి కలిసేవే వాడండి. సిలికాన్ ప్రైమర్ మీద నీటి ఆధారిత ఫౌండేషన్ వేస్తే కొన్నిసార్లు ముద్దలు ముద్దలుగా లేస్తుంది. ప్యాక్ వెనక డైమెథికోన్ లాంటి సిలికాన్ పేర్లు ముందు వరుసలో ఉన్నాయా, నీళ్లు ఉన్నాయా అని చదవడం అలవాటు చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

పౌడర్ దగ్గర ఒక హెచ్చరిక. హెచ్‌డీ పౌడర్ పేరుతో అమ్మే కొన్నింట్లో సిలికా ఎక్కువ. పల్చగా వేస్తే బాగుంటుంది, ఎక్కువైతే ఫ్లాష్ వెలుగుని తిప్పికొట్టి కళ్ల కింద, ముక్కు మీద తెల్లటి మచ్చల్లా ఫొటోలో పడుతుంది. సన్‌స్క్రీన్‌లోని జింక్, టైటానియం కూడా అదే పని చేస్తాయి, కాబట్టి రాత్రి ముహూర్తానికి ఎస్‌పీఎఫ్ ఉన్న క్రీమ్ వద్దు. దీనికి పరీక్ష సులువు. పెళ్లికూతురు కుర్చీలోంచి లేవకముందే గదిలో లైట్లు తీసేసి, ఆరడుగుల దూరం నుంచి ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయండి. మెడ, చేతులు కూడా ఫ్రేములో ఉండాలి. బ్యూటీ మోడ్, ఫిల్టర్ ఆపేయండి. ఆ రోజు ఈ ఒక్క ఫొటో తీసి ఉంటే పిన్నిగారు చూసింది మీరే ముందు చూసేవారు, సరిచేయడానికి టైమూ ఉండేది.

చేతుల సంగతి ఎందుకు చెప్పానంటే, తెలుగు పెళ్లి ఫొటోల్లో చేతులు ముఖం పక్కనే ఉంటాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలు పోసేటప్పుడు ఆమె రెండు చేతులూ ముఖం ఎత్తుకి లేస్తాయి. అవే ఆల్బమ్‌లో పెద్ద సైజులో వేయించే ఫొటోలు. ముఖం చేతికంటే తెల్లగా ఉంటే దాచడానికి వీలుండదు.

పెళ్లి మేకప్‌ని తంతు ప్రకారం ఆలోచించండి. బాసికం నుదుటికి కడతారు, దాని దారం కణతల మీద ఒరుసుకుంటుంది. అక్కడ బేస్ పల్చగా ఉండి పౌడర్‌తో బాగా సెట్ అయి ఉండాలి, లేదంటే బాసికం విప్పగానే రెండు గీతలు కనిపిస్తాయి. జీలకర్ర బెల్లం నడినెత్తి మీద పెడతారు కాబట్టి అక్కడ పఫ్ ఎత్తుగా లేపి స్ప్రేతో గట్టిగా బిగించేయకండి, నగలు, పిన్నులు కాస్త పక్కకు సర్దండి. హోమం పొగకు కళ్లు నీళ్లు పెట్టుకుంటాయి. మస్కారా, లైనర్ వాటర్‌ప్రూఫ్ అయినా కింది రెప్పకు కాటుక మందంగా పెడితే కారుతుంది, అక్కడ పెన్సిల్ గీసి అదే రంగు ఐషాడోతో అద్ది సెట్ చేయండి. పెదాలకు మెరిసే లిప్‌గ్లాస్ వద్దు, తలంబ్రాల బియ్యంలోని పసుపు వచ్చి అంటుకుంటుంది. మ్యాట్ వేసి మధ్యలో కొద్దిగా బామ్ అద్దితే చాలు.

మధుపర్కాల దగ్గర ఇంకో సంగతుంది. పట్టుచీరకు తగ్గట్టు వేసిన మేకప్ తెల్ల చీరలోకి మారాక వేరేలా కనిపిస్తుంది. తెల్లబట్ట ఎక్కువగా ఉంటే ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, ముఖం ముదురుగా పడుతుంది. దానికి మందు ఇంకో పొర ఫౌండేషన్ కాదు. చీర మార్చే ఆ కొద్ది నిమిషాల్లో నూనెని టిష్యూతో అద్ది తీసేసి, బుగ్గల మీద బ్లష్, పెదాల రంగు కొంచెం పెంచండి. ఫొటోగ్రాఫర్‌తో ముందే పరిచయం చేసుకుని, ‘అన్నా, మధుపర్కాల దగ్గర ముఖానికి లైట్ చూసుకో’ అని చెప్పడం కూడా మన పనిలో భాగమే.

మీ వైపు సాయంత్రం రిసెప్షన్, అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉండే పెళ్లిళ్లు ఎక్కువ కదా. వేసవిలో ఆ ఉక్కలో ఒకే బేస్ తెల్లారేదాకా నిలవాలంటే మందం పనికిరాదు. పల్చటి పొర, దాని మీద కొద్దిగా పౌడర్, సెట్టింగ్ స్ప్రే, మళ్లీ కొద్దిగా పౌడర్ ఇలా వెళ్లాలి. గౌరీపూజ అయ్యాక ముఖం చెమటపడితే ముందు టిష్యూతో అద్దాలి. చెమట మీద పౌడర్ వేస్తే అట్టకట్టి పగుళ్లు వస్తాయి.

‘కొంచెం తెల్లగా చెయ్యమ్మా’ అనే మాట దగ్గరకు వద్దాం. ఇది అమ్మాయి తల్లి అడుగుతుంది, మేనత్త అడుగుతుంది, కొన్నిసార్లు అమ్మాయే అడుగుతుంది. మీ ఫొటోలు అలా రావడానికి ఈ మాట కూడా కారణమై ఉంటుందని నా ఊహ. పెళ్లి హడావిడిలో దీని గురించి వాదించే వీలుండదు, అందుకే ట్రయల్ తప్పనిసరి. ట్రయల్‌లో ముఖానికి ఒకవైపు వాళ్లడిగినట్టు లేత షేడ్ వేయండి. రెండోవైపు ఆమె సొంత రంగు వేసి, కళ్ల కింద, ముక్కు దూలం మీద, గడ్డం మధ్యలో మాత్రం ఒక్క షేడ్ లేతగా అద్దండి. చేతులు బుగ్గలకు ఆనించమని ఫ్లాష్‌తో ఫొటో తీసి ఆ తల్లికే ఇవ్వండి. మీరు నోరు విప్పాల్సిన పని ఉండదు. నల్లపిల్లను నల్లపిల్లగానే మెరిసేలా చేయగలగడం మన వృత్తిలో అన్నిటికన్నా గొప్ప పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ అమ్మాయి ముప్పై ఏళ్ల తర్వాత ఆల్బమ్ తెరిచినప్పుడు అందులో తనే ఉండాలి.

పార్లర్ మీదే కాబట్టి ఇది కూడా చెప్పాలి. పెళ్లికి రెండు రోజుల ముందు మొదటిసారి బ్లీచ్ గానీ కొత్త ఫేషియల్ గానీ చేయకండి. త్రెడింగ్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందే ముగించండి. వారాల తరబడి ఫెయిర్‌నెస్ క్రీమ్ రాస్తున్నానని అమ్మాయి చెబితే ట్యూబ్ తెమ్మని చదవండి. బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. చర్మం పల్చబడి, ఎర్రబడి, ఏది తగిలినా మండుతుంది. డాక్టర్‌కి చూపించమని చెప్పండి, మానేయమని మీరే చెప్పకండి, హఠాత్తుగా ఆపితే ముఖం ఇంకా రేగవచ్చు. కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల కొందరికి నుదుటి మీద తెల్లమచ్చలు వస్తాయి. అలాంటి మచ్చ కనిపిస్తే కల్యాణ తిలకం బ్రష్‌తో దిద్దండి, ఆ జిగురు మళ్లీ తగలనివ్వకండి. లాషెస్ గమ్ కూడా ట్రయల్ రోజే చెవి వెనక కొద్దిగా రాసి, రెండు రోజులు చూడమనండి. కొన్ని గమ్‌లలో లేటెక్స్ ఉంటుంది, అది పడనివాళ్లుంటారు.

శుభ్రత విషయంలో రాజీ వద్దు. ఒకే లిప్‌స్టిక్ పెళ్లికూతురికి, తోడిపెళ్లికూతురికి, వాళ్ల వదినకి నేరుగా పూసేవాళ్లని చాలామందిని చూశాను. లిప్‌స్టిక్‌ని స్పాచులాతో గీరి ప్లేట్ మీద పెట్టి బ్రష్‌తో వేయాలి. మస్కారాకి వాడి పడేసే పుల్లలు వాడాలి, కంటికి తగిలిన పుల్లని మళ్లీ ట్యూబులో ముంచకూడదు. పెన్సిల్ ప్రతి మనిషికీ చెక్కి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేయాలి. 99 శాతంది ఇంకా మంచిదనుకుని కొంటారు, కానీ అది క్షణంలో ఆరిపోతుంది. క్రిముల మీద పనిచేయడానికి ఆ కొంచెం నీరు కావాలి. బ్రష్‌లు మైల్డ్ షాంపూతో కడిగి పడుకోబెట్టి ఆరబెట్టండి. నిలబెడితే నీరు పిడిలోకి దిగి జిగురు ఊడిపోతుంది. కళ్లకలక ఉన్న మనిషి కళ్లకు మేకప్ వేయనని చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఇక కోర్సు. యాభై వేలు కట్టే ముందు నాలుగు సంగతులు అడగండి. రోజూ నా చేత్తో మోడల్ మీద వేయిస్తారా, లేక డెమో చూపించి పంపేస్తారా? ఒక టీచర్‌కి ఎంతమంది? చామనఛాయ, నలుపు, మొటిమల మచ్చలు, మంగు, యాభై దాటిన చర్మం, ఇలాంటి ముఖాలు ఇస్తారా? నేర్చుకున్నవాళ్లు వేసిన మేకప్‌ని ఫిల్టర్ లేకుండా చూపిస్తారా? వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో తెల్లటి మోడల్సే కనిపిస్తే ఆ డబ్బు మీ భీమవరం పెళ్లిళ్లలో తిరిగి రాదు. హెచ్‌డీ, అల్ట్రా హెచ్‌డీ, గ్లాస్ అనే పేర్లకు విడివిడిగా ఫీజు అడిగితే ఆలోచించండి, అవన్నీ చాలావరకు సరుకు పేర్లే. చేతిపని ఒకటే.

డబ్బు ఇబ్బందైతే జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్‌సెటీలు అంటారు, ఉన్నాయి. అక్కడ బ్యూటీ పార్లర్ కోర్సు ఉచితం, భోజనం, వసతి కూడా ఇస్తారు. పెళ్లి మేకప్ లోతుగా రాదు గానీ పునాది, సర్టిఫికెట్ వస్తాయి. ఐటీఐల్లో కాస్మటాలజీ ఏడాది కోర్సు ఉంది. సరుకు, లైట్లు కొనడానికి ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు అప్పు దొరుకుతుంది. ముందుముందు సినిమాల వైపు ఆశ ఉంటే అదీ దాచుకోకండి. ఒకప్పుడు సినిమా యూనియన్లలో ఆడవాళ్లకు హెయిర్ డ్రెస్సర్ కార్డే తప్ప మేకప్ కార్డు ఇచ్చేవారు కాదు. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ నిబంధన చెల్లదని 2014 నవంబర్‌లో తీర్పు వచ్చింది.

ఎయిర్‌బ్రష్ ఇప్పుడే వద్దు. అది రంగు తప్పుని సరిచేయదు, తప్పు రంగునే నున్నగా పరుస్తుంది. పైగా కన్నీటి చార పడితే దాన్ని అతకడం కొత్తవాళ్లకు కష్టం. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి లైట్లు కొనండి. ప్యాకెట్ మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన, 5000 నుంచి 5500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు) అని ఉన్నవి రెండు తీసుకుని, అద్దానికి రెండువైపులా ముఖం ఎత్తులో పెట్టండి. నెత్తిమీద ఒక్క ట్యూబ్‌లైట్ ఉంటే కళ్ల కింద నీడ పడి, మీరు లేని నలుపుని కప్పుతూ కూర్చుంటారు.

సీజన్ లేని ఈ రోజుల్లో ఇంట్లోవాళ్ల ముఖాల మీదే సాధన చేయండి. అమ్మ, అత్తగారు, పక్కింటి పిన్ని, పార్లర్‌కి వచ్చే కాలేజీ అమ్మాయి, ఒక్కొక్కరి చర్మం ఒక్కో పాఠం. సగం ముఖానికే వేయండి, రెండో సగం అలాగే వదిలేయండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. కళ్లకు, బుగ్గలకు ఏమీ వేయకుండా ఉత్త బేస్‌తోనే గంటసేపు వంటింట్లో తిరగమని చెప్పి, తర్వాత చూడండి.

వాటిల్లో ఒకరివి పగటి వెలుగులో ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి ఫొటోలు తీసి, వాళ్లు ఒప్పుకుంటేనే, కలిపిన షేడ్ల పాళ్లతో సహా ఇక్కడ పెట్టండి. ఎక్కడ మార్చాలో చూసి చెబుతాను.